వెర్లిన్ బావ మూత తియ్యలేదు

"పెద్ద గొప్పేం కాదులే," అన్నాడు వెర్లిన్ బావ.

ఆయన నోట ఆ మాట వచ్చిందంటే ఇంక ఎవరూ కుర్చీలోంచి లేవడానికి ఉండదు. జూలై ఎండ. మధ్యాహ్నం మూడు దాటింది. మా అత్తగారు ఒలీటా ఇంటి వెనక వరండాలో కూర్చున్నాం. పెరట్లో మా ఆయన హార్లన్, వెర్లిన్ బావకి తమ్ముడు, బొగ్గుల పొయ్యి దగ్గర నిలబడి పక్కటెముకల మాంసం తిరగేస్తున్నాడు. ఏటా జరిగే మా కుటుంబ విందు, అందరం కలిపి నలభై మందిమి. పిల్లలు ఆకలికి ఆగలేక అప్పటికే రెండు పుచ్చకాయలు లాగించేశారు. నాలుగింటికి భోజనం. మొక్కజొన్న రొట్టె ఉంది, బంగాళదుంపల ముద్ద ఉంది, క్యాబేజీ తురుము ఉంది. ఇంకా అవ్వాల్సింది గింజలే.

ఆ గింజలు వరండాలో బల్ల మీద, కరెంటుతో నెమ్మదిగా ఉడికించే స్లో కుక్కర్లో ఉన్నాయి. తెల్ల చిక్కుడు గింజలు, ఉప్పు పట్టించిన పంది మాంసం బేకన్ ముక్కలు, ఉల్లిపాయ, బ్రౌన్ షుగర్, నల్లటి చెరకు పాకం, టమాటా సాసు, ఆవపిండి. తియ్యగా, ఉప్పగా, కొంచెం పుల్లగా. పొద్దున ఏడింటికి తక్కువ వేడి మీద పెడితే తొమ్మిది గంటలు ఉడికి, నాలుగింటికి మెత్తగా వెన్నలా అవుతాయి. పద్దెనిమిదేళ్లు ఆ గింజలు చేసింది నేను. ఇంట్లో వండి, మూతని రబ్బరు పట్టీతో బిగించి, తువ్వాలు చుట్టి, ట్రక్కులో ఒళ్లో పెట్టుకుని తెచ్చేదాన్ని. నాకు నలుగురిలో మాట్లాడటం రాదు. నా తరఫున ఆ కుక్కరే మాట్లాడేది. "వెల్డా గింజలు వచ్చాయి" అనేవారు. నేను వచ్చానని దానర్థం.

ఈ ఏడు జూన్‌లో వెర్లిన్ బావ ఫోన్ చేశాడు. "వెల్డా, ఈసారి నువ్వు విశ్రాంతి తీసుకో. గింజలు నేను చూసుకుంటా. నువ్వు కాగితం ప్లేట్లు పట్రా."

కాగితం ప్లేట్లు! మా వైపు అది ఎవరికి చెప్తారో మీకు తెలియాలి. వంట చేతకానివాళ్లకి, కొత్తగా పెళ్లయి రొట్టె మాడ్చిన పిల్లకి, రెండుసార్లు మాంసం పచ్చిగా తెచ్చిన పెళ్లికాని మేనమామకి. నోరు తెరిచి కాదనలేకపోయాను. ఫోన్ పెట్టేసేముందు ఆయనే అడిగాడు, ఏమన్నా కిటుకు ఉందా అని. చెప్పాను. "తొమ్మిది గంటలు ఉడకనివ్వండి, మూత తియ్యకండి బావగారూ. తీసిన ప్రతిసారీ అరగంట వెనక్కిపోతుంది." అంతే చెప్పాను.

ఇప్పుడు ఆయన ఆ కుక్కర్ పక్కనే కుర్చీ వేసుకుని, చేతిలో చెక్క గరిటె రాజదండంలా పట్టుకుని కూర్చున్నాడు.

"పెద్ద గొప్పేం కాదులే. రెండేళ్ల కిందట మన ఫైర్ స్టేషన్ వాళ్లు పెట్టిన విందుకి గింజలు చేశానా, లేదా? ఆ రోజు ముప్ఫై మంది వస్తారన్నారు. సరే, చిన్న కుక్కర్ ఒకటి పట్టుకెళ్లా. ఇదే. ఈ కుక్కరే. తిన్నవాళ్లు బావుందన్నారు. అంతే."

"అంతేనా? అయితే అయిపోయిందిగా," అంది ఆయన భార్య కార్లీన్, విసనకర్రతో ఈగలు తోలుకుంటూ.

"అయిపోలేదు. నువ్వాగు. ఉల్లిపాయలు ఎలా తరిగానో చెప్పలేదు ఇంకా. గుండ్రంగా కాదు, నిలువుగా కాదు, అడ్డంగానూ కాదు..."

"మరి ఎలా తరిగావు అల్లుడూ, గాల్లోనా?" అన్నాడు మెర్ల్ మామయ్య. మా అత్తగారి తమ్ముడు ఈయన. కట్టుడు పళ్లు, కానీ నాలుక మాత్రం అసలుదే.

"నీకు చెప్పినా అర్థం కాదులే మావయ్యా. రంగు చూడు, రంగు చూస్తే తెలుస్తుంది," అని బావ మూత తీశాడు. గుప్పున ఆవిరి. అందరూ మెడలు చాచారు. ఆయన గరిటె పెట్టి ఒకసారి తిప్పి, తీరిగ్గా మూత పెట్టాడు.

మేం పదకొండింటికి వచ్చినప్పటినుంచి ఇది ఐదోసారి. నా ఒళ్లో కాగితం ప్లేటు ఉంది. అందులో పిల్లలు వదిలేసిన పుచ్చగింజలు. అప్పటికే నాలుగు అంచున పేర్చి ఉన్నాయి. ఐదోది పక్కన పెట్టాను. ఎందుకు పెడుతున్నానో నాకే తెలీదు. ఒళ్లు మండుతుంటే చేతులు ఊరుకోవు కదా.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? వాసన బయల్దేరింది. మొదట వీధి చివర ఫిప్స్ వాళ్ల కుక్క వచ్చింది. తర్వాత ఇంకోటి. తర్వాత మూడు వీధుల కుక్కలూ వచ్చాయి. అరిచాయా? లేదు. కరుచుకున్నాయా? లేదు. చర్చిలో బెంచీల మీద కూర్చున్నట్టు వరసగా కూర్చున్నాయి. పెద్దవి వెనక, చిన్నవి ముందు."

"కుక్కలు?"

"కుక్కలే. ఒక పిల్లి కూడా వచ్చింది. కుక్కలు జరిగి దానికి చోటిచ్చాయి."

"దేవుడా," అంది కార్లీన్. "ఇంతకుముందు పిల్లి లేదు. ఈస్టరుకి చెప్పినప్పుడు కుక్కలు ఐదే."

"అప్పుడు టైము లేక కుదించి చెప్పా! ఆ వాసన ఎలాంటిదో ఇప్పుడు మీరే చూడండి," అని మళ్లీ మూత తీశాడు. ఆరు. వరండా చివర్న కూర్చున్నవాళ్ల వైపు చేత్తో ఆవిరి విసిరాడు. నేను పళ్లు కొరికాను. కుక్కర్లో వేడి నిలవడానికి ఎంతసేపు పడుతుందో చేసేవాళ్లకి తెలుస్తుంది. పోవడానికి క్షణం చాలు.

మా అత్తగారు ఒలీటాకి ఎనభై నాలుగు. చెవులు సగం వినిపించవు, మిగతా సగం వినిపించుకోదు. ఊగుడు కుర్చీలోంచి, "వడ్డించారా?" అంది.

"ఇంకా లేదమ్మా, నాలుగింటికి," అన్నాడు బావ. "ఎక్కడున్నా? ఆఁ, రైలు."

"రైలు గురించి ఇంకా మొదలుపెట్టలేదు," అన్నాడు మెర్ల్ మామయ్య నీరసంగా.

"నూట పన్నెండు పెట్టెల గూడ్సు బండి. బొగ్గు. మన ఊళ్లో ఆగదు, అది పుట్టిన దగ్గర్నుంచి ఎప్పుడూ ఆగలేదు. ఆ రోజు ఆగింది. డ్రైవరు దిగాడు, చేతిలో చెంచా. 'అయ్యా, ఏరు దాటుతుంటే వాసన తగిలింది, చెయ్యి దానంతట అదే బ్రేకు మీద పడింది, ఒక్కసారి మూత తియ్యండి, చూసి వెళ్లిపోతా' అన్నాడు. నేనేమన్నానో తెలుసా?"

అడక్కపోయినా చెప్తాడని అందరికీ తెలుసు.

"తియ్యను అన్నా! కుదరదు అన్నా! ఎందుకంటే ఇందులో కిటుకంతా ఒక్కటే. వినండి, రాసుకోండి, ఉత్తినే చెప్తున్నా. మూత తియ్యకూడదు. తీసిన ప్రతిసారీ అరగంట వెనక్కి. ఇది నేను ఏళ్ల తరబడి కష్టపడి కనిపెట్టా. ఆ డ్రైవరు ఏడ్చాడు. నిజంగా, ఈ చొక్కా మీద ఏడ్చాడు. నూట పన్నెండు పెట్టెలు వెనకాల ఆగి ఉన్నాయి. నేను మూత మీద చెయ్యి పెట్టుకుని ఇలా కూర్చున్నా, ఇలా..." అని చూపించబోయి, చెయ్యి మూత పిడికి తగిలి, సరే ఎలాగూ తగిలింది కదా అన్నట్టు ఎత్తి లోపలికి తొంగి చూశాడు. "ఆహా," అన్నాడు.

ఏడు.

ఏళ్ల తరబడి కనిపెట్టాడట. జూన్ నెల్లో, ఫోన్లో, రెండు నిమిషాల్లో. నేను మా ఆయన వైపు చూశాను. హార్లన్ కూడా నావైపే చూస్తున్నాడు. చెప్పు అన్నట్టు కనుబొమలు ఎగరేశాడు. నేను తల దించుకుని పుచ్చగింజ సర్దుకున్నాను.

"అన్నయ్యా, మాంసం ఇంక పది నిమిషాల్లో అయిపోతుంది," అని కేకేశాడు హార్లన్.

"అవనీరా. ఆ రోజు ఆదివారం, అది చెప్పలేదు కదూ? బాప్టిస్టు చర్చిలో పాట మధ్యలో ఆగిపోయింది. అదే నిమిషంలో మెథడిస్టు చర్చిలో ప్రార్థన మధ్యలో ఆగిపోయింది. ఇద్దరు పాస్టర్లూ రెండు గుమ్మాల్లోంచి ఒకేసారి బయటికొచ్చారు. పదకొండేళ్లుగా మాటల్లేని మనుషులు! చేతులు పట్టుకుని వచ్చి ఒకే బెంచీ మీద కూర్చున్నారు."

"అది మాత్రం నమ్మను," అన్నాడు మెర్ల్ మామయ్య. "కుక్కలు కూర్చున్నాయంటే సరే అన్నా. బండి ఆగిందన్నా సరే అన్నా. ఆ ఇద్దరూ ఒకే బెంచీ మీదా?"

"వాళ్లు కూడా మూత తియ్యమన్నారు. ఒకాయన దేవుడి పేరు మీద అడిగాడు, రెండో ఆయన దేవుడి పేరు మీదే అడిగాడు. అయ్యగార్లూ, మీ ఇద్దరూ మంచివాళ్లే, కానీ తియ్యను అన్నా. ఓపిక ఉండాలి. ఓపిక లేనివాడు కుక్కర్ కొనకూడదు." ఆ మాట అంటూ అంటూ మూత ఎత్తి, గరిటెతో ఒక బేకన్ ముక్క ఏరుకుని నోట్లో వేసుకున్నాడు. ఆలోచనగా నమిలాడు. ఇంకో ముక్క వెతికాడు. వెతుకుతున్నంతసేపూ మూత ఎడం చేతిలో గాల్లోనే ఉంది. దాని నుంచి చెమట బొట్లు బల్ల మీద పడుతున్నాయి.

ఎనిమిది. అది నిజానికి రెండు కింద లెక్కెయ్యాలి. న్యాయంగా ఒకటే పెట్టాను.

"ఏమయ్యా," అంది కార్లీన్, "మూత..."

"నువ్వు మధ్యలో రాకు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆకాశం పచ్చబడింది."

పచ్చబడిందంటే సుడిగాలి వస్తోందని మాకందరికీ తెలుసు. చిన్నపిల్లలు కూడా ఒక్క క్షణం పుచ్చకాయ తొక్కలు వదిలేసి చూశారు. బావకి అది చాలు. కుర్చీలోంచి లేచాడు.

"సైరన్ మోగింది. అందరూ నేలమాళిగలోకి. కుక్కలు కూడా, వరసలోనే. నేనొక్కడినే నిలబడ్డా. ఎందుకు? గింజలు ఇంకా గంటన్నర ఉడకాలి. సుడిగాలి దిగింది, ఏనుగు తొండంలా. ఫైర్ స్టేషన్ కప్పు లేపింది. ఫైరింజన్ లేపింది. బెంచీ లేపింది. తర్వాత నా కుక్కర్ లేపింది! వైరుతో సహా! వైరు గోడకే ఉంది, అది సాగింది, సాగింది, అలా ఆకాశంలోకి గాలిపటం దారంలా సాగింది. పైన మూడు వేల అడుగుల ఎత్తున నా గింజలు ఉడుకుతున్నాయి. చిన్న దీపం వెలుగుతూ కనిపిస్తోంది కింద నుంచి. ఎరుపు దీపం. ఇదిగో, ఈ దీపమే."

అందరూ దీపం చూశారు. దీపం మామూలుగానే వెలుగుతోంది.

"మూత?" అని అడిగింది చిన్నపిల్ల ఒకతి.

"అదీ ప్రశ్న! మూత కదల్లేదమ్మా! సుడిగాలికి కూడా తీసే ధైర్యం లేకపోయింది. కప్పులు లేపేస్తుంది, ఆవుల్ని లేపేస్తుంది, నా మూత దగ్గరికొచ్చేసరికి వాసన తగిలి నెమ్మదించింది. మూడు చుట్లు తిరిగింది, పిల్లి కాళ్ల చుట్టూ తిరిగినట్టు. తర్వాత తెచ్చి ఇలా, నెమ్మదిగా, బల్ల మీద..." అని ఆయన కుక్కర్ మూత రెండు చేతులా ఎత్తి, గాల్లో మూడు చుట్లు తిప్పి, నెమ్మదిగా మళ్లీ కుక్కర్ మీద పెట్టి చూపించాడు.

తొమ్మిది. సుడిగాలి ముట్టుకోని మూతని తీసి, సుడిగాలి ముట్టుకోలేదని చూపిస్తున్నాడు. కార్లీన్ విసనకర్ర ఆపేసింది. ఆవిడ నా ప్లేటు వైపు చూసింది. పుచ్చగింజల వరస చూసింది. ఇంకో చూపు కుక్కర్ మీద వేసింది. కుర్చీ కొంచెం నావైపు జరుపుకుంది.

"కొంత సాసు మాత్రం ఒలికింది, ఒప్పుకుంటా. పక్క జిల్లాలో తియ్యటి వాన పడింది. అర్కాన్సా రాష్ట్రం సరిహద్దు దాకా జనం మొక్కజొన్న రొట్టెలు పట్టుకుని బయట నిలబడ్డారు. అద్దుకు తిన్నారు. నమ్మకపోతే ఈ రంగు చూడండి, వాన ఇదే రంగు." పది.

"నాలుగైంది," అన్నాడు హార్లన్, మాంసం పళ్లెం తెచ్చి బల్ల మీద పెట్టి.

"ఒక్క నిమిషం! అసలుది ఇప్పుడే. ముప్ఫై మందికని చేశానా, సుడిగాలి వెళ్లాక చూస్తే ఎంతమంది? నాలుగు వేలు! రైలు వాళ్లు, చర్చి వాళ్లు, సుడిగాలి వెంట వచ్చిన టీవీ వాళ్లు. ఇంతలో హెలికాప్టరు. ఎవరు? రాష్ట్రానికి పెద్దాయన, గవర్నరు. టై కట్టుకుని, చేతిలో గిన్నె పట్టుకుని. 'వెర్లిన్ గారూ, నాకు టైము లేదు, మూత తియ్యండి' అన్నాడు. నేను లేవలేదు. 'అయ్యా, రాష్ట్రానికి మీరు పెద్ద. ఈ మూతకి నేను పెద్ద' అన్నా. నిలబెట్టా! గంటన్నర నిలబెట్టా! మొదలుపెట్టిన దగ్గర్నుంచి తొమ్మిది గంటలు నిండాయి. అప్పుడు, అప్పుడు మాత్రమే, ఒకే ఒక్కసారి... ఇలా!"

మూత తీశాడు. పదకొండు. ఈసారి వడ్డించడానికే తీశాడు కాబట్టి చప్పట్లు కొట్టారు. ఆకలికి కొట్టిన చప్పట్లు అవి. పిల్లలు నేను తెచ్చిన ప్లేట్లు పట్టుకుని వరసలో నిలబడ్డారు. మొదటి గరిటె మేనమామకి వేశాడు బావ. మెర్ల్ మామయ్య చెంచాడు నోట్లో పెట్టుకున్నాడు.

కటుక్కుమంది.

వరండా అంతా వినిపించింది. మా అత్తగారికి కూడా వినిపించింది. మామయ్య మెల్లిగా పళ్లసెట్టు బయటికి తీసి, వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసుకుని, విరగలేదని తేల్చుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

"అల్లుడూ," అన్నాడు, "సుడిగాలి ఏట్లోంచి గులకరాళ్లు కూడా తెచ్చిందా?"

"అది... పంటికి కొంచెం తగలాలి మావయ్యా, అదే పద్ధతి..."

కార్లీన్ ఒక గింజ తీసి బల్ల మీద వేసింది. అది టక్కుమని ఎగిరి, దొర్లుకుంటూ పోయి మొక్కజొన్న రొట్టె పళ్లేనికి కొట్టుకుని ఆగింది. పిల్లలు నవ్వారు. బావ మొహం ఎర్రబడింది. నలభై మంది చూస్తున్నారు. నేను అనుకున్నాను, ఇప్పుడన్నా ఒప్పుకుంటాడు, సరే పోనీ, ఒప్పుకుంటే మూత బిగించి ఎక్కువ వేడి మీద పెడదాం, నా ట్రక్కులో రబ్బరు పట్టీ ఉండనే ఉంది అని.

ఆయన గరిటె ఎత్తి నావైపు చూపించాడు.

"అదుగో, ఆవిడ చేసిన పని! వెల్డాని అడిగితే తొమ్మిది గంటలు చాలంది. లెక్క తప్పు చెప్పింది. నేను అమాయకంగా ఆవిడ మాట నమ్మా. మూత తియ్యకుండా తొమ్మిది గంటలు, చెప్పింది చెప్పినట్టు చేశా. పాపం ఇన్నేళ్లూ ఈ గింజలే తిన్నాం, మర్యాదకి ఎవరూ ఏమీ అనలేదు."

తలలన్నీ నావైపు తిరిగాయి. పద్దెనిమిదేళ్లు. ఒక్క గింజ కూడా పంటికి తగల్లేదు. ఎప్పుడూ అడుగు గీరి తిన్నారు. నా చెవులు వేడెక్కాయి. అయినా లేచాను. ప్లేటు పట్టుకుని బల్ల దగ్గరికి వెళ్లి కుక్కర్ పక్కన పెట్టాను. నా గొంతు నాకే వేరేవాళ్లదిలా వినిపించింది.

"మూత తీసిన ప్రతిసారీ అరగంట వెనక్కని మీరే చెప్పారుగా బావగారూ."

"చెప్పా. అందుకే తియ్యలేదు."

"మేం వచ్చినప్పటినుంచి పదకొండుసార్లు తీశారు. మీరు తీసినప్పుడల్లా ఒక పుచ్చగింజ పెట్టాను. ఇది రంగు చూపించినప్పుడు. ఇది కుక్కలప్పుడు. ఇది రైలుది. ఇది పాస్టర్లది, బేకన్ ముక్క కోసం. ఇది సుడిగాలిది. పదకొండు అరగంటలంటే ఐదున్నర గంటలు. నాలుగింటికి కావాల్సినవి రాత్రి తొమ్మిదిన్నరకి ఉడుకుతాయి. నా లెక్క తప్పు కాదు."

అంత పొడుగు మాట నేను ఆ ఇంట్లో ఎప్పుడూ మాట్లాడలేదు. ఎవరో ప్లేటు లాక్కుని లెక్కపెట్టారు. చేతులు మారింది. మెర్ల్ మామయ్య వేలితో ఒక్కో గింజా తాకుతూ, "ఇది వానది కదూ?" అన్నాడు.

"పదకొండా!" అని అరిచాడు బావ. "చాల్లే! పదకొండుసార్లు తీస్తే ఈ పాటికి చల్లారిపోవాలి. మరి చల్లారిందా? ఆవిరి వస్తోందా లేదా? మీరే చూడండి!" అని చటుక్కున మూత ఎత్తాడు.

"పన్నెండు," అన్నారు పిల్లలంతా ఒక్క గొంతుతో.

బావ చేతిలో మూత అలాగే ఉండిపోయింది. ఆవిరి లేదు.

ఊగుడు కుర్చీ ఆగింది. మా అత్తగారు కర్ర ఊతంగా లేచి వచ్చి, కొడుకు చేతిలోంచి మూత తీసుకుని, కుక్కర్ మీద పెట్టి, దానిమీద తన అరచెయ్యి పెట్టింది.

"అమ్మాయ్ వెల్డా, నీ రబ్బరు పట్టీ తీసుకురా. రేపు పొద్దున తిందాం," అంది. "ఒరే వెర్లినూ, వచ్చే ఏడు గింజలు వెల్డా తెస్తుంది. నువ్వు కాగితం ప్లేట్లు తీసుకురా."

రైళ్లని ఆపినవాడు, గవర్నర్లని నిలబెట్టినవాడు, చిన్న గొంతుతో అడిగాడు.

"ఎన్ని తేవాలమ్మా?"

"నలభై," అంది మా అత్తగారు. "నలభయ్యంటే నలభయ్యే. నాలుగు వేలు కాదు."